పట్టా ఎవరి పేర, తనఖా ఎవరి దగ్గర: ఒడిశా సరిహద్దులో ఇల్లు కొనేవారి సందేహాలు

"రిజిస్ట్రేషన్ అయిపోయింది, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది. ఇంకేం భయం?" బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఇల్లు కొన్న మనవాళ్లు తరచూ అనే మాట ఇది. కొన్నేళ్లు గడిచాక వడ్డీ తగ్గుతుందని లోన్‌ను ఇంకో బ్యాంకుకు మార్చుకోబోతారు. కొత్త బ్యాంకు లాయరు ఫైలు తిరగేసి, "పట్టాలో ఇది ఇంకా పొలమనే ఉందే" అంటాడు. లేదా "మొదట అమ్మినాయన ఆదివాసీ కదా, సబ్ కలెక్టరు అనుమతి కాగితం ఏది?" అని అడుగుతాడు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. నిజానికి ఆ లోపం కొన్ననాడే ఉంది, చూసినవాళ్లే లేరు.

సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును. అమ్మినవాడికి ఆ ఆస్తి మీద నిజంగా హక్కు ఉందో లేదో ఆయన తేల్చడు. బ్యాంకు లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్ కూడా బ్యాంకు తన అప్పు కోసం తీసుకునేదే. రేపు తేడా వస్తే దాన్ని పట్టుకుని కొన్నవాళ్లు ఎవరినీ నిలదీయలేరు. ఎక్కడ ఇల్లు కొన్నా ఈ రెండూ వర్తిస్తాయి. మన సరిహద్దు జిల్లాల్లో వీటికి తోడు ఆ నేల చరిత్ర ఒకటి ఉంటుంది. ఇంటికి గోడలు ఎంత గట్టిగా కట్టినా, హక్కు నిలబడేది ఆ చరిత్ర మీదే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అందుకే ఇక్కడి పాత కుటుంబాల పెట్టెల్లో తాతల నాటి దస్తావేజులు తెలుగులో కనిపిస్తాయి. ఇప్పటి పట్టా మాత్రం ఒడియాలో ఉంటుంది. తాత దస్తావేజులో ఉన్న సర్వే నంబరుకీ, నేటి పట్టాలో ఉన్న ప్లాటు నంబరుకీ పొంతన ఉండదు. మధ్యలో సెటిల్‌మెంట్, అంటే ప్రభుత్వం భూములు మళ్లీ కొలిచి రికార్డు రాయడం, జరిగి నంబర్లు మారిపోయి ఉంటాయి. పాత రికార్డును సాబిక్ అనీ, ఇప్పటిదాన్ని హాల్ అనీ అంటారు. "మీ సాబిక్ ప్లాటు ఏ హాల్ ప్లాటు అయింది?" అన్న ప్రశ్నకు తహసీలు రికార్డులోంచి జవాబు దొరకాలి. ఆ లంకె దొరక్కపోతే, తెలుగు దస్తావేజు ఎంత పాతదైనా దానితో పని జరగదు.

పట్టా కాగితంలో ఏం చదవాలి?

ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, గ్రామం, ఖాతా నంబరు ఎంచుకుంటే పట్టా తెర మీదికి వస్తుంది. ఒడియా రాకపోయినా నాలుగు చోట్ల కళ్లు పెట్టి చూడాలి. పైన జమీందారు పేరు అన్న గడిలో ఒడిశా సర్కారు అని ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఆ కిందే అసలు గడి ఉంది: ప్రజ పేరు, తండ్రి పేరు, జాతి, నివాసం. ప్రజ అంటే ఇక్కడ రైతు, అంటే హక్కుదారు. మీకు అమ్ముతున్న మనిషి పేరే అక్కడ ఉండాలి. ఆయన తండ్రి పేరో తాత పేరో ఉంటే ముందు వాళ్లు మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించుకుని రావాలి. జాతి గడి ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

తర్వాత స్వత్వం, అంటే హక్కు ఏ రకమో చెప్పే గడి. ఇక్కడ స్థితిబాన్ అని ఉంటే మామూలు రైతు హక్కు ఉన్నట్టు. లీజు పట్టా అయితే దానికి పెట్టిన షరతులు వేరుగా చూడాలి. ఖాతా మీద రక్షిత, సర్వసాధారణ, ఆబాద జోగ్య అనాబాది, ఆబాద అజోగ్య అనాబాది వంటి పేర్లు కనిపిస్తే అది ప్రభుత్వ భూమి. దాని మీద ఇల్లు కట్టి, కరెంటు మీటరు పెట్టించి, హోల్డింగ్ ట్యాక్సు కట్టినా అమ్మేవాడికి హక్కు రాదు. దేవుడి పేర, మఠం పేర ఉన్న భూమి అయితే దేవాదాయ కమిషనరు అనుమతి లేని అమ్మకం చెల్లదు.

పట్టా రెండో భాగంలో ప్లాటు నంబరు, కిసం, హద్దులు, విస్తీర్ణం ఉంటాయి. కిసం అంటే భూమి రకం. ఇల్లు కట్టే నేలకు ఘరబారి అని ఉండాలి. శారద అని మొదలైతే అది వరి పండే పొలం. ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8ఎ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, రుసుం కట్టి, దాన్ని ఘరబారిగా మార్పించుకోవాలి. "అమ్మేశాక మీరే మార్పించుకోండి, చిన్న పనే" అని అమ్మేవాళ్లు అంటారు. మార్పించి ఇమ్మనండి. ధర కొంచెం ఎక్కువైనా అదే మేలు.

ఈ కిసం విషయంలో బ్యాంకులు ఎందుకంత పట్టుపడతాయో చాలామందికి అర్థం కాదు. దాని వెనక 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారం ఆ చట్టం బ్యాంకుకు ఇచ్చింది. కానీ వ్యవసాయ భూమిని అందులోంచి మినహాయించింది. కాగితం మీద పొలంగా ఉన్న స్థలంలో మేడ ఉన్నా, బ్యాంకు చేతిలోని ఆ ఆయుధం పనిచేస్తుందో లేదో అనుమానమే. అందుకే మేనేజరు ఎంత మంచివాడైనా శారద కిసం మీద హోమ్ లోన్ ఇవ్వడానికి వెనకాడతాడు. ఎక్కడో ఒకచోట మొదటిసారి లోన్ దొరికినా, మార్చుకునేటప్పుడు రెండో బ్యాంకు ఆపేస్తుంది.

విస్తీర్ణం దగ్గర ఇంకో ముప్పు ఉంది. ఇక్కడ లెక్క డిసిమిళ్లలో ఉంటుంది. ఒక డిసిమిల్ మన సెంటుతో సమానం: 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. ఇది తేలికే. గుంట దగ్గరే మోసపోతారు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, గుంటకు 193.6 గజాలు. హైదరాబాదు నుంచి ఫోనులో బేరమాడే బంధువుకీ, ఇక్కడి బ్రోకరుకీ గుంట అన్న మాట ఒకటే, కొలత వేరు. దస్తావేజులో డిసిమిళ్లూ చదరపు అడుగులూ రెండూ రాయించండి. అమీనుతో, అంటే భూమి కొలిచే సర్వేయరుతో, కొలిపించాకే డబ్బు కదపండి.

ఆదివాసీల భూమి: ఒడిశా నిబంధన వేరు

శ్రీకాకుళం, మన్యం జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు 1/70 చట్టం తెలుసు. ఆంధ్ర ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. ఆ లెక్కనే పట్టుకుని కొందరు రాయగడలో అసలు ఏమీ కొనలేమనుకుంటారు. ఇంకొందరు "ఇక్కడ 1/70 లేదు, ఎవరి దగ్గరైనా కొనొచ్చు" అనుకుంటారు. రెండూ తప్పే.

ఒడిశాలో ఇందుకు 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుడి చేతికి పోకుండా కాపాడేందుకు దాన్ని తెచ్చారు. మొదట్లో అధికారి అనుమతితో అమ్మడానికి వీలుండేది. 2002 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ వీలు కూడా పోయింది. ఆదివాసీయేతరుడు ఇంకో ఆదివాసీయేతరుడికి అమ్మడాన్ని మాత్రం ఈ నిబంధన ఆపదు. కాబట్టి రాయగడ టౌనులో ఒక కోమటి దగ్గరో, పట్నాయక్ దగ్గరో ఇల్లు కొనడానికి అడ్డు లేదు. కానీ ఆయనకు ఎవరి దగ్గర్నించి వచ్చింది, వాళ్లకు ముందు ఎవరిది అన్నది వెనక్కి వెనక్కి చూడాలి. గొలుసులో ఎక్కడైనా ఆదివాసీ పేరు ఉండి, దానికి అప్పటి అనుమతి లేకపోతే, ఆ అమ్మకం చెల్లదు. భూమిని అసలు కుటుంబానికి తిరిగి ఇప్పించే అధికారం సబ్ కలెక్టరుకు ఉంది. మధ్యలో ఎన్ని చేతులు మారినా, చివర కొన్నవాడు నిజాయితీగా పూర్తి ధర చెల్లించినా సరే. పట్టాలో జాతి గడిని, సాబిక్ రికార్డులో అదే గడిని చూడమన్నది అందుకే.

ఈ నిబంధన మనకు అడ్డమని విసుక్కోవడం నాకు నచ్చదు. సారా బాకీకీ, కొలిచి ఇచ్చిన ధాన్యానికీ కొండవాళ్ల భూములు ఎలా చేతులు మారాయో ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం ఈ నిషేధాన్ని సడలించబోతే నిరసన వచ్చింది, ఆ నిర్ణయాన్ని ఆపేశారు. ఎవరైనా "రూలు మారబోతోంది, ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చి పెట్టుకోండి" అంటే పక్కకు తప్పుకోండి. ఆదివాసీ స్నేహితుడి పేర కొని మనం ఉండటం అన్నది ఇంకా ప్రమాదం. అది బినామీ కింద కూడా వస్తుంది.

ఏది షెడ్యూల్డు ప్రాంతం? పాత కోరాపుట్ జిల్లా మొత్తం, అంటే నేటి కోరాపుట్, రాయగడ, నబరంగపూర్, మల్కన్‌గిరి. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి వైపు, ఇంకా గుమ్మ, రాయగడ బ్లాకులు. గజపతి జిల్లాలో ఉన్న ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, కలిపేసుకోకండి. గంజాంలో సురడా తహసీలు చాలా భాగం. బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు షెడ్యూల్డు ప్రాంతం కిందికి రావు. అలాగని అక్కడ ఇష్టారాజ్యం లేదు. షెడ్యూల్డు తెగలు, షెడ్యూల్డు కులాల వారి భూమిని ఇతరులు కొనాలంటే భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. అనుమతి లేకపోతే ఆ అమ్మకం చెల్లదు.

పొట్టంగి పక్కన కొటియా గ్రామాల్లో స్థలం చూస్తున్నవాళ్లకు ఒక్క మాట: అవి తమవేనని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. అక్కడ ఇల్లు కొనే ఆలోచన మానుకోండి.

అడ్వాన్సు, అగ్రిమెంటు, సంతకాలు

వంద రూపాయల స్టాంపు మీద రాసుకున్న అగ్రిమెంటుతో ఇల్లు మనది అయిపోదు. అది అమ్ముతానన్న మాట మాత్రమే. అవతలివాడు మాట తప్పితే కోర్టులో అమలు చేయించుకోవచ్చు, దానికి 3 ఏళ్ల గడువు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుని "సేల్ డీడ్ తర్వాత చూసుకుందాం" అనడమూ అంతే. జీపీఏ ద్వారా యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. అడ్వాన్సును 20,000 రూపాయలు, ఆపైన నగదుగా ఇవ్వకండి, తీసుకోకండి. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. ఇల్లు 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారే ధరలోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి.

ఆంధ్రలో కొన్న స్టాంపు పేపరు మీద రాసి ఇచ్ఛాపురంలో రిజిస్టర్ చేయించుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. కుదరదు. ఇల్లు ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉంటే అక్కడే, ఆ రాష్ట్రపు స్టాంపు డ్యూటీ కట్టే చేయించాలి. ఒడిశాలో మగవాళ్లకు 5 శాతం, ఆడవాళ్ల పేర అయితే 4 శాతం, దానిపైన రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. ఆ ఒక్క శాతం కోసం భార్య పేర కొన్నవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: ఆ ఇంటికి హక్కుదారు ఆవిడే. రేపు తాకట్టు పెట్టాలన్నా, లోన్ మార్చాలన్నా ఆవిడ మనస్ఫూర్తిగా సంతకం పెట్టాలి.

తండ్రి నుంచి వచ్చిన ఇల్లు కొంటున్నప్పుడు అన్నదమ్ములు వచ్చి సంతకాలు పెట్టి, అక్కచెల్లెళ్లను వదిలేయడం ఇప్పటికీ జరుగుతోంది. హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు ఉంటుందని వినీతా శర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడపడుచు టెక్కలిలోనో విశాఖలోనో కాపురం ఉంటే ఆమె రానక్కర్లేదు. తన ఊరి సబ్ రిజిస్ట్రారు ముందు ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపితే సరిపోతుంది. సూరత్ మిల్లుల్లో పనిచేసే అన్నదమ్ములకూ దారి ఇదే.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీశాం, అప్పులేవీ లేవు అనే ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. బ్యాంకు దగ్గర డాక్యుమెంట్లు పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టర్ కాకపోతే ఈసీలో కనిపించదు. అందుకోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది. 2011 నుంచి బ్యాంకుల తాకట్లు అందులో నమోదవుతున్నాయి. కొద్దిపాటి రుసుం కట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు. అలాగే ఒరిజినల్ డాక్యుమెంట్లు కళ్లతో చూడకుండా, "లాకరులో ఉన్నాయి", "తమ్ముడి దగ్గర ఉన్నాయి" అన్న మాటలు నమ్మి డబ్బు ఇవ్వకండి.

అమ్మేవాడికి లోన్ ఉందని తెలిస్తే భయపడి వదిలేయనక్కర్లేదు. ఒక విధంగా ఆ కాగితాలను ఒక లాయరు అప్పటికే చూసి ఉంటాడు. ఆయన బ్యాంకు నుంచి ఎంత బాకీ ఉందో రాతపూర్వకంగా తెప్పించండి. ఆ మొత్తాన్ని మీరు గానీ మీ బ్యాంకు గానీ నేరుగా ఆ లోన్ ఖాతాకే కట్టాలి, అమ్మేవాడి చేతికి ఇవ్వకూడదు. మిగతాది రిజిస్ట్రేషన్ రోజున. ఈ వరస తిరగబడిన చోటే గొడవలు వస్తాయి.

వడ్డీ వ్యాపారి దగ్గర ఇంటిని పెట్టే పద్ధతి మన పల్లెల్లో ఇంకా ఉంది. అప్పు ఇచ్చి సేల్ డీడ్ రాయించుకుంటారు, "తీర్చగానే తిరిగి రాసిస్తాం" అని నోటిమాట చెబుతారు. తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో లేకపోతే చట్టం దాన్ని తాకట్టుగా చూడదు, అమ్మకంగానే చూస్తుంది. వేరే కాగితం మీద రాసుకున్న షరతు కూడా పనికిరాదు. ఎంత అవసరం ఉన్నా తాకట్టును తాకట్టుగానే రాయించండి.

లోన్ మార్చుకుంటే లాభమా?

లోన్‌ను ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చడాన్ని టేకోవర్ అనీ, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనీ అంటారు. ఫ్లోటింగ్ రేటు, అంటే మారుతూ ఉండే వడ్డీ, మీద వ్యక్తులు తీసుకున్న హోమ్ లోన్‌ను ముందే తీర్చేస్తే పాత బ్యాంకు జరిమానా వేయకూడదని 2012 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కాబట్టి ఖర్చంతా కొత్త బ్యాంకు వైపు నుంచే: ప్రాసెసింగ్ ఫీజు, లాయరు, వాల్యుయేషన్, తాకట్టు పత్రం మీద స్టాంపు.

20 లక్షల బాకీ, ఇంకా 15 ఏళ్లు ఉందనుకోండి. 9.5 శాతానికి ఈఎంఐ దాదాపు 20,884. 8.5కు మారితే 19,695. నెలకు సుమారు 1,190 చొప్పున 15 ఏళ్లలో 2 లక్షల 14 వేలు మిగులుతుంది. మారడం మంచిదే. అదే 5 లక్షల బాకీ, 4 ఏళ్లే మిగిలి ఉంటే మొత్తం మిగిలేది 11,400 మాత్రమే, ఫీజులకే సరిపోతుంది. ఇంకో చిక్కు చూడండి. మొదటి ఉదాహరణలోనే కొత్త బ్యాంకు వాళ్లు "గడువు 20 ఏళ్లు పెడదాం, ఈఎంఐ 17,356కు దిగుతుంది" అంటారు. నెలకు మూడున్నర వేలు తగ్గిందని సంతోషపడి సంతకం పెడితే, చివరికి పాత లోన్‌లోనే ఉండిపోయిన దానికంటే 4 లక్షలు ఎక్కువ కడతారు. గడువు పెంచనివ్వకండి. టాపప్, అంటే అదే ఇంటి మీద అదనపు అప్పు, ఇస్తామంటే అది నిజంగా కావాలో లేదో మారడానికి ముందే ఇంట్లో తేల్చుకోండి.

మారే ముందు పాత బ్యాంకునే అడగండి. అదే బ్యాంకులో కొద్దిపాటి ఫీజుతో రేటు తగ్గించుకునే వీలు తరచూ ఉంటుంది. ముఖ్యంగా 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న లోన్లు బ్యాంకు తన ఖర్చును బట్టి తనే రేటు కట్టే పాత ఎంసీఎల్ఆర్, బేస్ రేటు లెక్కల్లోనే నడుస్తుంటాయి. ఆ తర్వాత బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) వంటి బయటి ప్రమాణానికి ముడిపడి ఉంటాయి. ఆ పద్ధతిలోకి మార్చమంటే లాయరు, వాల్యుయేషన్, కొత్త తాకట్టు ఏవీ ఉండవు. కాగితాల్లో చిన్న చిన్న లోపాలు ఉన్నవాళ్లకు ఇదే నయం. అయితే ఆ లోపాన్ని అలా వదిలేయకుండా, కిసమో మ్యుటేషనో ఈలోగా సరిచేయించుకోవాలి.

ఈఎంఐ ఆగిపోతే ఏం జరుగుతుందన్నది ఎవరూ అడగడానికి ఇష్టపడరు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. ఆ నోటీసును పెట్టెలో పడేయకుండా రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. స్వాధీనం దాకా వస్తే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఒడిశా ఆస్తులకు అది కటక్‌లో ఉంది. వేలం ప్రకటన వెలువడేలోపే బాకీ మొత్తం కట్టి ఇంటిని విడిపించుకునే హక్కు ఉంటుందనీ, ఆ తర్వాత ఉండదనీ 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. "వేలం రోజు చూసుకుందాం" అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

అప్పు తీరిపోయాక పాత బ్యాంకు 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ తిరిగి ఇవ్వాలి, తాకట్టు నమోదును తొలగించాలి. ఆలస్యం తన వల్లే అయితే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. కాగితాలు పోగొడితే నకళ్లు తెప్పించడంలో సాయం చేసి ఖర్చూ భరించాలి, అందుకు ఇంకో 30 రోజులు అదనం. అప్పు తీసుకున్నాయన చనిపోతే వారసులకు ఎలా అందించాలో బ్యాంకు ముందే పద్ధతి పెట్టి తన వెబ్‌సైటులో ఉంచాలి. డాక్యుమెంట్లు తీసుకునే రోజున, లోన్ ఇచ్చినప్పుడు ఇచ్చిన జాబితా పట్టుకెళ్లి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ తీసుకోండి. లింకు డాక్యుమెంటు (ఆస్తి ముందు యజమానుల దస్తావేజు) ఒక్కటి తగ్గినా అక్కడే రాయించండి. వారం పది రోజులు ఆగి సెర్సాయ్‌లో, ఈసీలో మళ్లీ వెతికించి, మీ ఇంటి మీద పాత తాకట్టు ఇంకా కనిపిస్తుంటే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా రాయొచ్చు.